గోరింటకి నీలం గీతలు వచ్చిన కథ

“చెంగావి చేపమ్మా, చీరెవ్వరిచ్చారు?
సంద్రాన అలలమ్మ సరిగంచు నేసింది.
నీలాల గీతేమొ...
నీలాల గీతేమొ...”

ఆ తరవాతి మాటలు ఎంత తడుముకున్నా రావడం లేదు. పెద్దవల లాగే రోజుల్లో ఇసకలో కూర్చుని ఆడపిల్లలు పాడుకునే పాట అది. పాట సగమే ఉన్నా కథ మాత్రం పూర్తిగా ఉంది. వినండి.

ఒక అడవి ఉంది. అందులో చెట్లు లేవు, పులులు లేవు, పిట్టలూ లేవు. విశాఖపట్నంలో, పెదవాల్తేరులో, పైడిరాజు గారి ముందుగదిలో గోడవారగా ఉంది ఆ అడవి. నాలుగు పక్కలా గాజు. లోపల ఉప్పునీళ్ళు. అడుగున తెల్లటి ఇసక. ఇసక మీద గులాబిరంగువీ, ఊదారంగువీ పగడపు దుబ్బులు. నీళ్ళు కదిలినప్పుడల్లా అవి తలలూపేవి. పైన ఒక దీపం ఉండేది. అదే అక్కడి సూర్యుడు. పైడిరాజు గారు పొద్దున్నే మీట నొక్కితే తెల్లవారేది.

ఆ అడవిలో ఒక రాతిగుహ. ఆ గుహలో రాస్ అనే సముద్రపు జాతి చేపలు నాలుగు కాపురముండేవి. వాటి దొర పింఛయ్య. ఒళ్ళంతా ఎరుపు, తోకకి నీలం గీతలు. వీపు మీది రెక్క విప్పాడంటే నెమలి పురి విప్పినట్టే ఉండేది. మిగిలిన ముగ్గురూ ఆడవాళ్ళు. అందరిలోకీ పెద్దది గోరింట. బాగా పండిన గోరింటాకు రంగు దానిది. తరవాతిది బంతి. అందరికన్నా చిన్నది చిట్టి, చిటికెన వేలంత ఉండేది.

ఎదురుమూల రాళ్ళసందులో బొగ్గు అనే నల్లచేప ఉండేవాడు. వాడు ఒంటరివాడు, కోపిష్టివాడు, పైగా తిండిపోతు. ఇసక మీద ఒక ముసలి పీత శంఖాన్ని వీపున వేసుకుని మెల్లిగా తిరిగేవాడు. అతన్ని అందరూ తాత అని పిలిచేవారు.

రాస్ చేపల్లో మగవాడికి రెండు పనులుంటాయి. మేత పడేవేళ తనవాళ్ళకీ పరాయివాళ్ళకీ మధ్య నిలబడాలి. సాయంత్రం కాగానే పురి విప్పి ఆడాలి. పింఛయ్యకి రెండో పని మహా ఇష్టం. మొదటి పని మెల్లిమెల్లిగా మరిచిపోయాడు.

“గోరింటా, నా తోక చూశావా? ఇవాళ నీలం ఇంకాస్త చిక్కబడలేదూ?” అని అడిగేవాడు.

“చిక్కబడింది దొరా. చిట్టికి ఇవాళ కూడా మేత అందలేదు. బొగ్గు అడ్డం వచ్చాడు.”

“అందకపోతే రేపు తింటుంది. ఇటు పక్కనుంచి చూడు. ఇటు పక్కనుంచి చూస్తేనే అందం!”

గోరింట చూసేది. ఆ అందం నిజమే కాబట్టి అవుననేది. తరవాత తన మేతలో రెండు మెతుకులు నోట పట్టుకెళ్ళి చిట్టికి వదిలేది.

సాయంత్రం పూట పైడిరాజు గారు ముందుగదిలో దీపాలు ఆర్పేసి, అడవి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేవారు. అప్పుడు లోపలివాళ్ళకి గాజు అద్దమైపోయేది. అందులో ఇంకో మగచేప కనిపించేవాడు. అదే ఎరుపు, అదే నీలం, అదే పొగరు.

“ఎవడ్రా నువ్వు?” అని పింఛయ్య మీదికి ఉరికేవాడు. వాడూ ఉరికేవాడు. “మాట్లాడవేం? నోట్లో ఇసక పోసుకున్నావా?” అనేవాడు. వాడూ నోరు తెరిచేవాడు గానీ మాట వినిపించేది కాదు. పింఛయ్య ముక్కు కందిపోయేదాకా గాజుని పొడిచేవాడు.

తాత పీత ఒకరోజు కిందనుంచి అడిగాడు. “అతగాడు నిన్నేమన్నాడయ్యా, అంత కోపం?”

“ఏమీ అనడం లేదు. అదే నా కోపం!” అన్నాడు పింఛయ్య.

ఇలా ఉండగా ఒక సాయంత్రం పైడిరాజు గారు ముందుగదిలో దీపాలు ఆర్పేసి, పైన కప్పిన వల పక్కకి తీసి, గాజుకి పట్టిన నాచు గీకుతున్నారు. ఇంతలో ఫోను మోగింది. వల అలాగే వదిలేసి అవతలికి వెళ్ళారు. గాజులో శత్రువు కనిపించాడు. పింఛయ్య తరిమాడు. శత్రువు పైపైకి వెళ్ళాడు. పింఛయ్య కూడా వెళ్ళాడు. నీళ్ళయిపోయాయన్న సంగతి చూసుకోలేదు. ఎగిరి ఒక్క దూకు దూకాడు.

పైడిరాజు గారి భార్య లోవకుమారి గారు కాఫీ పట్టుకొస్తూ ఆగిపోయారు.

“ఏవండీ! మీ రాజావారు కాళ్ళు తుడుచుకునే పట్టా మీద పడి కొట్టుకుంటున్నారు! బేగి రండి!”

పైడిరాజు గారు పరుగున వచ్చి, చేతులు తడుపుకుని పింఛయ్యని ఎత్తారు. “ఊపిరుంది, ఊపిరుంది” అనుకుంటూ వెనకగదిలో చిన్నతొట్టిలో ఉప్పునీళ్ళు పోసి వదిలారు. రెక్కలు చిరిగాయి. వీపు మీద పొలుసు లేచిపోయింది. మానడానికి చాలా రోజులు పడుతుందన్నారు.

ఈ సంగతులేవీ గుహలోవాళ్ళకి తెలియవు. తెల్లవారింది, దొర లేడు. వాళ్ళకి తెలిసింది అంతే.

ఆ సంగతి అందరికన్నా ముందు కనిపెట్టినవాడు బొగ్గు. మధ్యాహ్నం మేత పడేసరికి వచ్చి గుహ ముందు బైఠాయించాడు.

“మగదిక్కు లేని కొంప! ఇక మీ వాటా కూడా నాదే” అన్నాడు. బంతి రాతి వెనక్కి నక్కింది. చిట్టి ఒక మెతుకు కోసం బయటికొస్తే తోక పట్టి కొరికాడు. ఆ రోజు ఎవరికీ మేత లేదు. మరునాడూ అంతే. మూడోనాటికి చిట్టి పొట్ట వీపుకి అతుక్కుపోయింది. ఈదలేక ఇసక మీద ఒరిగి ఉంది.

“కొత్త దొర వస్తాడులే అక్కా. అందాకా ఇలాగే సర్దుకుందాం” అంది బంతి.

“అందాకా చిట్టి ఉండాలి కదే” అంది గోరింట.

గోరింట నెమ్మదిగా తాత దగ్గరికి దిగింది. “తాతా, మా దొర ఎప్పుడొస్తాడు?”

“ఆకాశం మీదికి ఎగిరినవాడి సంగతి నన్నడుగుతావేమిటి? నేను నేలమీద నడిచేవాణ్ణి” అన్నాడు తాత. మళ్ళీ గోరింట మొహం చూసి జాలిపడ్డాడు. “అది సరే, మీ ముగ్గురిలో ఒంట్లో పెద్దదెవరు?”

“నేనే.”

“మరింకేం? నేను సముద్రంలో పుట్టినవాణ్ణి. మీవాళ్ళ గుంపులు చాలా చూశాను. మగవాడు లేకుండా పోతే, మిగిలినవాళ్ళలో అందరికన్నా పెద్ద ఆడచేప మగచేప అవుతుంది. మంత్రం లేదు, మాయ లేదు. మీ ఒంట్లోనే ఉంది ఆ ఏర్పాటు.”

గోరింటకి నవ్వొచ్చింది, ఆకలితోనే. “నేనా? మగవాణ్ణా? ఎగతాళి చెయ్యకు తాతా. నాకు ఒక్క నీలం గీతైనా లేదు.”

“గీతలు తరవాత వస్తాయి. పని ముందు వస్తుంది.”

గోరింట తోక తిప్పి, గీతల్లేని అంచు చూసుకుంది. తరవాత చిన్న గొంతుతో అడిగింది. “భయంగా ఉంటుందా?”

తాత తన శంఖం మీద గోటితో కొట్టి చూపించాడు. “ఇది నాకు ఆరోది. ప్రతిసారీ పాతదాంట్లోంచి బయటపడి, కొత్తదాంట్లో దూరేదాకా నా గుండె గుబగుబలాడుతూనే ఉంటుంది. అయినా ఒళ్ళు పెరిగాక పాతదాంట్లో పట్టం కదమ్మా.”

ఆ మధ్యాహ్నం మేత పడింది. పైడిరాజు గారు మంచులో గడ్డకట్టించిన సన్నరొయ్యల్ని నీళ్ళలో కరిగించి వదిలారు. అవి గులాబిరేకుల్లా తేలుతూ దిగాయి. బొగ్గు దూసుకొచ్చాడు. గోరింట గుహలోంచి బయటికొచ్చి వాడి దారికి అడ్డంగా నిలబడింది.

“ఓహో! పెళ్ళికూతురు బయటికొచ్చిందే! తప్పుకో” అన్నాడు బొగ్గు.

“తప్పుకోను.”

“నీకు పురి ఉందా?”

“లేదు.”

“తోకకి గీతలున్నాయా?”

“లేవు.”

“మరి ఏం చూసుకుని నిలబడ్డావు?”

“నా వెనక చిట్టి ఉంది. అది తినేదాకా ఉంటాను.”

బొగ్గు కొరికాడు. గోరింట వీపురెక్క ఒకచోట చిరిగి చిన్న కిటికీలా అయింది. చాలా నొప్పి పుట్టింది. అయినా కదల్లేదు. వాడు కుడిపక్కకి వస్తే కుడిపక్కకి, ఎడమపక్కకి వస్తే ఎడమపక్కకి జరిగింది. వెనకనుంచి చిట్టి రొయ్యల్ని కరుచుకుంటున్న చప్పుడు సన్నగా వినిపించింది. ఆ చప్పుడు వింటూ ఉంటే గోరింటకి నొప్పి తెలియలేదు.

మరునాడూ నిలబడింది. ఆ మరునాడూ నిలబడింది. గుహ చుట్టూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తిరిగి రావడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు, తనకే తిరగాలనిపించేది. సాయంత్రాలు రెక్కలు వాటంతటవే విచ్చుకునేవి. గోరింటకి ఆశ్చర్యంగా ఉండేది. ఇదేమిటి నా ఒళ్ళు, నాకు చెప్పకుండా ఏదో చేస్తోంది అనుకునేది.

పది రోజులకి తోక అంచున సన్నటి గీత ఒకటి పడింది, కాటుకపుల్లతో గీసినట్టు. ఇరవై రోజులకి అది నీలంగా మారింది. నెల దాటేసరికి గోరింటాకు రంగు ముదిరి ఎర్రటి ఎరుపైంది. వీపు మీద పురి లేచింది. ఆడచేప గోరింట మగచేప గోరింట అయ్యాడు.

లోవకుమారి గారు ఒకరోజు అడవి తుడుస్తూ చూశారు. చూసి నడుం మీద చెయ్యి పెట్టుకున్నారు.

“ఏటండీ, మళ్ళీ కొత్త చేపని తెచ్చారా? నాతో ఒక్క మాటైనా చెప్పకుండా?”

“నేనెక్కడ తెచ్చాను? ఒట్టు!” అన్నారు పైడిరాజు గారు.

“మరి ఈ నీలంతోకవాడు గోడ దూకి వచ్చాడా?”

“నువ్వే చూడు. మొన్న గుహలో ముగ్గురు. ఇవాళా ముగ్గురే. అయితే గోరింట ఏదీ?”

ఇద్దరూ గాజుకి ముక్కులానించి చూశారు. ఎంతసేపో చూశారు. చివరికి లోవకుమారి గారు వీపురెక్క మీద గోరింటకి ఉండే కిటికీలాంటి చిరుగు చూసి, “ఓలమ్మ!” అని నోటి మీద చెయ్యి వేసుకున్నారు.

గుహలో చిట్టికి వేరే సందేహం వచ్చింది. “ఇంతకీ నిన్ను అక్కా అనాలా, అన్నా అనాలా?”

“నీ నోటికి ఏది ముందొస్తే అదను. మెతుకు చల్లారిపోతోంది, తిను” అన్నాడు గోరింట.

“నీళ్ళలో మెతుకు చల్లారడమేమిటి అక్కా!” అని చిట్టి పడిపడి నవ్వింది. ఆ గుహలో నవ్వు వినిపించి చాలా కాలమైంది.

పిల్లలూ, కథ ఇక్కడే అయిపోయిందనుకోకండి. రంగు వచ్చాక రంగు చూసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. బంతి అస్తమానం చుట్టూ తిరుగుతూ, “పింఛయ్య దొర నీ ముందు ఏపాటి! ఆ నీలం చూడు, ఆ నిగనిగ చూడు!” అనేది. మొదట్లో గోరింట సిగ్గుపడ్డాడు. తరవాత తోక తిప్పి చూసుకున్నాడు. ఆ తరవాత ఇంకోసారి చూసుకున్నాడు.

ఒక సాయంత్రం ముందుగదిలో దీపాలు ఆరాయి. గాజులో ఒక మగచేప కనిపించాడు. ఎర్రగా ఉన్నాడు, పొగరుగా ఉన్నాడు.

“ఎవడ్రా నువ్వు? మా గుహ దగ్గర నీకేం పని?” అని గోరింట ఉరికాడు. వాడూ ఉరికాడు.

ఆ రోజు మేత ఆలస్యంగా పడింది. గోరింట చూడలేదు. గాజుని పొడుస్తూనే ఉన్నాడు. బొగ్గు ఆ వీలు కోసమే నెల రోజులుగా కాచుకుని ఉన్నాడు. రివ్వున వచ్చి చిట్టిని తరిమాడు. చిట్టి దారి తెలియక నీళ్ళు పీల్చే గొట్టం వైపు పారిపోయింది. గొట్టం దాన్ని లాగింది. తోక గొట్టం మూతికున్న జాలీకి అతుక్కుపోయింది. చిట్టి ఎంత గింజుకున్నా రావడం లేదు.

“అక్కా!” అని అరిచింది.

గోరింట గిరుక్కున వెనక్కి తిరిగాడు. సరిగ్గా అదే క్షణంలో గాజులోవాడు కూడా వెనక్కి తిరగడం కంటికొసన కనిపించింది. వాడి వీపురెక్కకి కూడా కిటికీలాంటి చిరుగు ఉంది. అదే చోట, అంతే చిరుగు.

“అయ్యో, వీడు నేనే! నాతో నేను కొట్లాడుతూ పిల్లని వదిలేశానా!” అనుకున్నాడు గోరింట.

బాణంలా వెళ్ళి బొగ్గు డొక్కలో తలతో గుద్దాడు. బొగ్గు దొర్లుకుంటూ వెళ్ళి తన రాళ్ళసందులో పడ్డాడు. గోరింట గొట్టానికీ చిట్టికీ మధ్య వీపు దూర్చి గట్టిగా తోశాడు. పీల్చే నీళ్ళు కాసేపు తన ఒంటిని పట్టుకున్నాయి. చిట్టి విడిపడింది. బంతి దాన్ని పక్కకి లాక్కెళ్ళింది. గోరింట పెనుగులాడి, నాలుగు పొలుసులు జాలీకి వదిలేసి తనూ బయటపడ్డాడు.

“దెబ్బ తగిలిందా?” అని చిట్టిని అడిగాడు.

“తోక మండుతోంది. నీకు?”

“నాకు సిగ్గుగా ఉంది” అన్నాడు గోరింట.

ఆ తరవాత సాయంత్రాలు గాజులోవాడు కనిపించినా గోరింట పట్టించుకోలేదు. గాజుకి వీపు తిప్పి, మొహం గుహ వైపు పెట్టి పురి విప్పేవాడు. బంతి, చిట్టి, అడుగున తాత చూసేవారు. బొగ్గు కూడా రాళ్ళసందులోంచి దొంగచాటుగా చూసేవాడు. మేతవేళ వాడి మూలలో వాడు తిని, నోరు మూసుకుని ఉండేవాడు. అడవి హాయిగా ఉంది. పగడపు దుబ్బులు తలలూపుతున్నాయి. చిట్టి చూపుడువేలంత అయింది.

ఇలా ఉండగా పింఛయ్య గాయాలు మానాయి. పైడిరాజు గారు అతన్ని చిల్లులున్న గాజుపెట్టెలో పెట్టి, ఆ పెట్టెని అడవి నీళ్ళలో వేలాడదీశారు. లోపలున్నవాళ్ళు, వచ్చినవాడు ఒకరినొకరు చూసుకుంటారని అలా చేశారు.

పింఛయ్య గోరింటని చూశాడు. పురి బుస్సున లేచింది.

“ఎవడు నువ్వు? నా గుహ, నా వాళ్ళు, ఆఖరికి నా రంగులు కూడా దొంగిలించావా?”

“నేను గోరింటని దొరా. రంగులు నేనడగలేదు. నిలబడుతూ ఉంటే వచ్చాయి.”

పింఛయ్య నమ్మలేదు. పెట్టెలో గుండ్రంగా తిరిగాడు, గోడలు పొడిచాడు. గోరింట ఒళ్ళు కూడా పోట్లాటకి సిద్ధమైపోయింది. రాస్ చేపల రక్తం అలాంటిది. అయినా రెక్కలు దగ్గరికి ముడుచుకుని అక్కడే ఉన్నాడు.

పైడిరాజు గారు ఇదంతా చూసి తల అడ్డంగా ఊపారు. “ఒక గుహలో ఇద్దరు మగవాళ్ళు ఇమడరు. భీమిలిలో మా గురునాథం తొట్టిలో ఈ జాతివాళ్ళు ఎవరూ లేరు. పెట్టెలోవాణ్ణి అక్కడికి పంపిద్దాం.”

“పాపం, ఈసారైనా వల సరిగ్గా కప్పమనండి ఆయన్ని” అన్నారు లోవకుమారి గారు.

పైడిరాజు గారు మూత తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళారు. గోరింట పెట్టె దగ్గరగా వచ్చాడు. పింఛయ్య అప్పటికి అలిసిపోయాడు. పురి వాలిపోయింది. అతని కళ్ళు చిరిగిన ఆ రెక్క మీద ఆగాయి.

“అది బొగ్గు పనేనా?”

“వాడిదే.”

“ఎందుకు కొరికాడు?”

“చిట్టి తింటోంది. నేను పక్కకి జరగలేదు.”

పింఛయ్య తల తిప్పి, మానిన తన రెక్కలు చూసుకున్నాడు. తన రెక్కలు ఎందుకు చిరిగాయో అతనికి గుర్తుకొచ్చి ఉంటుంది.

“వెనకగదిలో ఒక్కణ్ణే ఉన్నాను. పురి విప్పితే చూసేవాళ్ళు లేరు. ఎన్ని రోజులు విప్పుతాను? మానేశాను. ఖాళీగా కూర్చుంటే మీరందరూ గుర్తొచ్చేవారు. నీ గొంతు గుర్తొచ్చేది. బంతి పకపకలు గుర్తొచ్చేవి” అన్నాడు.

పైడిరాజు గారి చేతులు నీళ్ళలోకి దిగాయి. పెట్టె అంచులు పట్టుకున్నాయి. పెట్టె మెల్లిగా పైకి లేస్తోంది. పింఛయ్య కింది చిల్లు దగ్గరికి గబగబా వచ్చి గోరింటతో అన్నాడు:

“చిట్టిని ఒకసారి ఇటు పిలుస్తావా? దాని మొహం ఎలా ఉంటుందో నేనెప్పుడూ సరిగ్గా చూడనే లేదు.”

నీతి: తమ వెనకున్నవాళ్ళు తిన్నారో లేదో తిరిగి చూసుకునేవాళ్ళే పెద్దవాళ్ళు.